చైన్ సా చైనుకు గ్రైండర్ సానా, ఆకురాయా? కోత కుడికి గుంజుతున్నది

దేవరకొండ_తోట:

అన్నలందరికీ నమస్తే. పాత బత్తాయి తోట తీసేసే పని నడుస్తున్నది. గట్ల మీది నల్ల తుమ్మలు, ఎండిపోయిన వేపలు గూడ కొయ్యాలె. మిషన్ 58 సీసీ, బార్ (చైను తిరిగే పట్టీ) 22 అంగుళాలు, చైను పిచ్ (లింకుల నడుమ దూరం) .325 అంగుళం, గేజ్ (బార్ గాడిల దిగే లింకు మందం) .058, ఆ గాడిల దిగే డ్రైవ్ లింకులు 86.

చైను మొద్దువడితే టౌన్‌ల గ్రైండర్ మీద సాన పట్టిస్తున్న. సాన పట్టంగనే మంచిగ కోస్తది. ఒక్క ట్యాంకు పెట్రోలు అయిపోయేసరికి పొట్టు పోయి పొడి రాలుతది. పెద్ద మొద్దు మీద పెడితే సగం దాకా నిటారుగ దిగి, ఆ తర్వాత కుడి పక్కకు వంగి బార్ ఇరుక్కుంటది. పళ్ళ అంచులు నీలం తిరిగి ఉన్నయి. 4.8 ఆకురాయి పెడితే కొన్ని పళ్ళను కొరుకుతది, కొన్నిటి మీద ఊకె జారుతది.

అడిగేదేందంటే, 85 వాట్ల చిన్న చైన్ గ్రైండర్ కొనుక్కుంటే ఈ తిప్పలు పోతయా? లేకుంటే ఆకురాయితోనే పని నడుస్తదా? రేకర్లు (పన్ను కట్టెల ఎంత లోతు దిగాలో ఆపే, పంటి ముందుండే మొనలు) ఎప్పుడు, ఎంత దింపాలె? కోత ఒక్క పక్కకే ఎందుకు పోతది? కొలతలతో చెప్పుండ్రి.


జడ్చర్ల_సాన:

తమ్మీ, నీలి రంగు, ఆకురాయి జారుడు, తొందరగ మొద్దువడుడు, ఈ మూడింటికీ కారణం ఒక్కటే: వేడి. కోత వంగుడు వేరే సంగతి. ఎడమ పళ్ళు, కుడి పళ్ళు సమానంగ లెవ్వు.

ముందుగాల వేడి గురించి. పన్ను అంచు చాలా పలుచగ ఉంటది. తిరిగే రాయిని దాని మీద ఆనిచ్చి ఒత్తి పట్టుకుంటే ఆ వేడి పోనీకి జాగ దొరకదు. ఉక్కు మీద నీలం తేలిందంటే 300 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి పోయినట్టే. అట్ల కాలిన అంచు మెత్తబడి పదును పట్టి ఉంచదు. ఇంకా ఎక్కువ కాలి, వెనకున్న సల్లటి ఇనుము ఆ వేడిని ఒక్కసారే గుంజుకుంటే పైపొర పెళుసుగ, ఆకురాయికి లొంగనంత గట్టిగ తయారైతది. నీ ఆకురాయి జారుతున్నది గందుకే. ఆ పళ్ళ మీద బలవంతంగ రుద్దితే ఆకురాయి గరుకే పోతది తప్ప పన్ను అరగదు. కాలిన పొరను గ్రైండర్ మీదనే తియ్యాలె, కాకుంటే ఈసారి తాకిచ్చి వదిలేసుకుంట తియ్యాలె. ఆకురాయి కొరుకుడు మొదలైతే కింద మంచి ఉక్కు తేలినట్టు.

వంగుడు సంగతి: మిషన్ వెనక నిలబడి చూస్తే చైను మీద ఒక కుడి పన్ను, ఒక ఎడమ పన్ను వరుసగ వస్తయి. ఏ పక్క పళ్ళు పొడుగ్గ, పదునుగ ఉంటే కోత ఆ పక్కకు గుంజుతది. నీది కుడికి పోతున్నదంటే ఎడమ పళ్ళు పొట్టిగనో మొద్దుగనో ఉన్నయి. ఒక పక్క రేకర్లు ఎక్కువ దిగినా ఇదే అయితది, ఎక్కువ దిగిన పక్కకు పోతది. వెర్నియర్ (మిల్లీమీటర్లు కొలిచే సాధనం) పెట్టి పంటి పై పలక పొడుగు కొలువు. వెర్నియర్ లేకుంటే మోటార్ సైకిల్ మెకానిక్ దగ్గర అడుగు. అన్ని పళ్ళలో ఏది అన్నిటికన్నా పొట్టిదో దాన్ని పట్టుకో. మిగిలినయన్నీ దాని కొలతకు రావాలె. 86 లింకుల చైనుకు 43 పళ్ళు ఉంటయి, బేసి సంఖ్య గనుక ఒక్క చోట ఒకే పక్కవి రెండు పళ్ళు వెంట వెంట వస్తయి. దాన్ని చూసి చైను తప్పుగ కలిపిండ్రని అనుకోకు.

ఆకురాయి సైజు నువ్వు సరిగ్గనే తీసుకున్నవు. .325 కు 4.8 మిల్లీమీటర్లు, అంటే 3/16 అంగుళం. చిన్న మిషన్ల మీద వచ్చే 3/8 ‘లో ప్రొఫైల్’ (తక్కువ ఎత్తు) చైనుకు 4.0, పెద్ద 3/8 కు కంపెనీని బట్టి 5.2 లేదా 5.5, .404 కు 5.5. చైను మీద నంబరు అరిగిపోయి ఏదో తెల్వకుంటే వరుసగ మూడు రివిట్లు తీసుకొని, మొదటి దాని నడుమ నుంచి మూడో దాని నడుమ దాకా కొలువు. 16.5 మి.మీ. వస్తే .325, 19 వస్తే 3/8. సన్నటి ఆకురాయి వాడితే పలక కింద లోతుగ తవ్వి అంచు మరీ పలుచనైతది. కొయ్యంగనే ఆ అంచు విరుగుతది. లావుది వాడితే అంచు కింద కొక్కెం వంపు రాదు, పన్ను కట్టెను కొరకకుండ రుద్దుతది.

ఆకురాయితో రాసేటప్పుడు ఇట్ల చెయ్. మిషన్ బందు పెట్టి ప్లగ్ క్యాప్ గుంజెయ్. బార్‌ను వైస్‌ల బిగియ్, పొలంల అయితే మొద్దుకు గంటు పెట్టి అందులో బార్ ఇరికియ్. చైను టెన్షన్ కొంచెం ఎక్కువ చెయ్, లేకుంటే పన్ను ఊగి కోణం మారుతది. చైన్ బ్రేక్ వేస్తే చైను కదలదు, తర్వాత పంటికి జరపనీకి బ్రేక్ వదలాలె. మొదలువెట్టిన పంటి మీద మార్కర్ గీత పెట్టు.

పై పలక మీద కంపెనీ గీసిన వాలు గీత ఉంటది, అది 30 డిగ్రీలది. ఆకురాయి దానికి సమాంతరంగ ఉండాలె. ఎత్తులో చూస్తే ఆకురాయి లావుల ఐదో వంతు, అంటే 4.8 దానికి సుమారు 1 మి.మీ., పలక పైన కనపడాలె. ఈ ఎత్తు చేతి అంచనాతో తప్పుతది గనుక గైడ్ ఉన్న ఆకురాయి పిడి కొనుక్కో, దాని మీద 30 డిగ్రీల గీతలు ఉంటయి. పంటి లోపలి నుంచి బయటికి తోయాలె. తోసేటప్పుడే ఒత్తు, వెనక్కి తెచ్చేటప్పుడు లేపి తే. వెనక్కి గుంజితే ఆకురాయి గరుకు పోతది. రెండు మూడు తోపులకోసారి ఆకురాయిని కొంచెం తిప్పు. ఒక పక్క పళ్ళన్నీ అయినంకనే రెండో పక్క పట్టు. పంటి పంటికీ తోపులు సమానంగ ఉండాలె. కుడి చేతి వాటం ఉన్నోళ్ళకు ఒక పక్క ఒత్తుడు తెల్వకుండనే ఎక్కువ పడ్తది. అందుకే సగం పని కాంగనే మళ్ళ వెర్నియర్ పెట్టి చూడు.

పదును వచ్చిందో లేదో ఎండకు పట్టి చూడు. అంచు మీద తెల్లటి మెరుపు గీత కనపడితే అది ఇంకా మొద్దే. పదునైన అంచు మెరవదు. మూల ముఖ్యం, పై పలక, పక్క పలక కలిసే మూల. కోతల ఎక్కువ పని ఆ మూలదే. దాని మీద ఉండే క్రోమ్ పూత పెచ్చు లేసినా, అంచు దగ్గర అరిగినా మంచి క్రోమ్ తేలేదాక వెనక్కి రాయాలె. పై పలక మెరిసింది చాలనుకుంటే ఐదు నిమిషాలల్ల మళ్ళ పొడి రాలుతది.


దేవరకొండ_తోట:

అన్నా, మస్తు వివరంగ చెప్పినవు. వెర్నియర్ పెట్టి చూసిన. కుడి పళ్ళు 7.2 దగ్గర, ఎడమవి 6.4, 6.5 దగ్గర ఉన్నయి. గ్రైండర్ మీద పట్టిన చైను ఇంత తేడా ఎట్ల వచ్చింది? మిషన్ అయితే అన్నీ ఒక్క తీరుగ రావాలె గదా?


హాలియా_వర్క్‌షాప్:

రావు. చైన్ గ్రైండర్ మీద ఎడమ కుడి తేడా రావడం చాలా మామూలు విషయం. ఎందుకు వస్తుందో అర్థమైతే ఆ గ్రైండర్‌తోనే మంచి పని తీయొచ్చు.

చైను బిగించే చిన్న వైస్‌ను ఒక పక్క 30 డిగ్రీలకు తిప్పి సగం పళ్ళు పడతాం, మళ్ళీ రెండో పక్క 30 కు తిప్పి మిగతా సగం పడతాం. వైస్ తిరిగే ఇరుసుకు సరిగ్గా నడుమ రాయి అంచు దిగాలి. అది అర మిల్లీమీటరు పక్కకు ఉన్నా, ఒక వైపు పన్ను ఎక్కువ తెగుతుంది, రెండో వైపు తక్కువ. ప్లాస్టిక్ బాడీ ఉన్న చిన్న గ్రైండర్లలో ఈ నడుమ కచ్చితంగా ఉండదు, పైగా చెయ్యి ఒత్తిన కొద్దీ బాడీ వంగుతుంది. కాబట్టి ఒక పక్క అయిపోయి వైస్ తిప్పగానే, పన్నును వెనక నుంచి ఆపే మర స్క్రూను అలాగే ఉంచి పని కొనసాగించకూడదు. రెండో పక్క మొదటి పన్ను పట్టి, పొడుగు కొలిచి, అవతలి పక్క కొలతకు వచ్చేదాకా స్క్రూ సర్దాలి. ఆ తర్వాతే మిగతావి. మీ 0.7, 0.8 తేడా ఈ సర్దుబాటు జరగనందువల్లే వచ్చి ఉంటుంది.

ఇప్పుడు రాయి. .325 చైనుకు 3.2 మి.మీ. మందం రాయి. లో ప్రొఫైల్ 3/8 కూ ఇదే. పెద్ద 3/8, .404 చైన్లకు 4.8 మందం. రేకర్లు దింపడానికి 6 మి.మీ. రాయి వేరే ఉంటుంది. వెలుపలి వ్యాసం, నడిమి రంధ్రం గ్రైండర్‌ను బట్టి మారతాయి, పాత రాయిని తీసుకెళ్ళి కొలిచి కొనండి. రంధ్రం వదులైతే కాగితం చుట్టి బిగించే అలవాటు కొందరికి ఉంది, అది ప్రమాదం. రాయి మీద రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం, గ్రైండర్ ప్లేటు మీద ఉన్న ఆర్‌పీఎం కంటే ఎక్కువ ఉండాలి. బిగించే ముందు రాయిని వేలికి తగిలించి, స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా కొట్టండి. ఖంగుమంటే మంచిది, బొద్దుగా మోగితే లోపల పగులుంది, పారేయండి. బిగించాక ఒక నిమిషం ఉత్తగా తిప్పండి, రాయికి ఎదురుగా మాత్రం నిలబడొద్దు. కళ్ళద్దాలు లేకుండా ఈ పని మొదలుపెట్టనే కూడదు.

కొత్త రాయి అంచు చదరంగా ఉంటుంది. పన్ను కింద గుండ్రటి వంపు రావాలంటే రాయి అంచును డ్రెస్సింగ్ రాయితో గుండ్రంగా చెక్కాలి. గ్రైండర్‌తో పాటు చిన్న బూడిద రంగు ఇటుక లాంటిది ఇస్తారు, అదే డ్రెస్సింగ్ రాయి. చాలామంది దాన్ని డబ్బాలోనే వదిలేస్తారు. అంచు చెక్కడం ఒక్కటే కాదు, పని మధ్యలో రాయి గరుకు మూసుకుపోయి నున్నగా మెరిసినప్పుడల్లా దాన్ని తాకించాలి. నున్నబడిన రాయి కోయదు, రుద్దుతుంది, రుద్దడం వల్లే వేడి. పన్ను నీలం తిరగడానికి సగం కారణం చెయ్యి ఒత్తిడి అయితే మిగతా సగం ఇదే. చైను మీద నూనె, జిగురు ఉంటే రాయి ఇంకా తొందరగా మూసుకుపోతుంది కాబట్టి ముందు కిరసనాయిలుతోనో డీజిల్‌తోనో కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే గ్రైండర్ మీదికి ఎక్కించాలి.

సర్దుబాటు ఇలా. వైస్ కోణం 30. తల వంచే వీలున్న పెద్ద గ్రైండరైతే తల 60 కి పెట్టాలి. చిన్న వాటిలో ఇది ఫ్యాక్టరీలోనే స్థిరంగా ఉంటుంది. లోతు స్క్రూను రాయి పంటి అడుగున ఉన్న గాడిని తాకే దాకా, కానీ పక్కనున్న టై స్ట్రాప్‌ను (లింకులను కలిపే పట్టీని) తాకకుండా ఆపండి. టై స్ట్రాప్ మీద రాయి గీత పడితే ఆ చోట చైను తెగే ప్రమాదం ఉంది. అలాంటి చైను వాడొద్దు. మొదట అన్నిటికన్నా పొట్టి పన్నును బిగించి, దాని అంచు కొద్దిగా తాజా అయ్యేంత మేర వెనక స్క్రూ పెట్టండి. తర్వాత ఆ పక్క పళ్ళన్నీ అదే స్క్రూ మీద వస్తాయి.

ఇక తాకించే తీరు. ఒక్కో తాకు ఒక సెకనుకు మించకూడదు. తాకించి లేపి, మళ్ళీ తాకించి లేపి, తీయాల్సింది ఎక్కువుంటే ఆ పన్నును వదిలి ముందుకు పోయి, చైను ఒక చుట్టు తిరిగాక మళ్ళీ దాని దగ్గరికి రావాలి. ఒక్క దెబ్బకు అర మిల్లీమీటరు తీయాలనుకుంటే తప్పకుండా కాలుతుంది. నిప్పురవ్వల రంగు కాదు, పంటి అంచు రంగు చూస్తుండాలి. పసుపు ఛాయ కనిపించిందంటే ఆగాల్సిన సమయం, నీలం దాకా రానీయకూడదు. నీళ్ళు పోసి చల్లార్చడం వద్దు.

పట్టడం అయిపోయాక అంచు వెలుపల సన్నటి బొబ్బు (బయటికి లేచిన ఇనుప పొర) మిగులుతుంది. గుండ్రటి ఆకురాయితో పంటికి ఒకటి రెండు తోపులు ఇస్తే అది పోయి అంచు సన్నబడుతుంది. ఈ చివరి తోపులు లేని గ్రైండర్ సాన సగం సానే అంటాను. తర్వాత రాయి పొడి. అది చైను కీళ్ళలోకి వెళ్తే రివిట్లను, బార్ గాడిని, స్ప్రాకెట్‌ను (చైనును తిప్పే పళ్ళ చక్రాన్ని) తినేస్తుంది. చైనును మళ్ళీ డీజిల్‌లో కడిగి, గాలి కొట్టి, రాత్రంతా నూనెలో నానబెట్టండి.

కొనాలా అంటే, మీకు ఒక్క మిషన్, ఒకటి రెండు చైన్లే ఉంటే 4.8 ఆకురాయిలు నాలుగైదు, ఒక గైడ్, ఒక బల్లపరుపు ఆకురాయి, ఒక రేకర్ గేజ్ (రేకర్ ఎత్తు చూసే కొలత పట్టీ) తీసుకోండి. అది చాలు. ముల్లుతీగ, మేకులు తగిలే గట్టు చెట్లు వరుసగా కోసేవాళ్ళకు, నాలుగైదు చైన్లు మార్చుకుంటూ పని చేసే వాళ్ళకు గ్రైండర్ ఉపయోగం. దెబ్బతిన్న పళ్ళను ఒక పొడుగుకు తేవడంలో దానికి సాటి లేదు. రోజువారీ పదునుకు మాత్రం ఆకురాయే. అది తీసేది చాలా తక్కువ, పన్నును కాల్చదు, చైను ఎక్కువ కాలం వస్తుంది. కొంటే ఇనుప బాడీది కొనండి.


అచ్చంపేట_కట్టెకోత:

రేకర్లు ఎంత దింపాలెనో ఎవరూ ఇంకా వివరంగ చెప్పలె, అందుకే రాస్తున్న. పన్ను రాసిన కొద్దీ పొట్టిగైతది, పై పలక వెనక్కి వాలి ఉంటది గనుక ఎత్తు కూడ తగ్గుతది. పంటి ముందుండే రేకర్ మాత్రం అంతే ఎత్తుల నిలుస్తది. రెండింటి నడుమ తేడా ఎంతుంటే పన్ను కట్టెల అంతే దిగుతది. .325 కు, 3/8 కు ఆ తేడా 0.65 మి.మీ., అంటే 0.025 అంగుళం. .404 కు 0.8. పన్ను బ్లేడు లెక్క ఉన్నా ఈ తేడా 0.3 కు పడిపోతే సన్నటి పొడే వస్తది, మనిషి మిషన్ మీద బరువు వేసి ఒత్తుతడు, బార్ కాలుతది. దేవరకొండ తమ్మీ, నీ చైన్‌ల ఇది కూడ ఉండొచ్చు. ఎడమ పళ్ళు అంత అరిగినంక రేకర్లు ఒక్కసారి కూడ ముట్టకపోతే అవి ఎత్తు మీదనే ఉంటయి.

మూడు నాలుగు సార్లు రాసినంక ఒకసారి రేకర్ గేజ్ పెట్టి చూడాలె. గేజ్‌ను పళ్ళ మీద పరిచి పెడితే రేకర్ గాడిలోంచి పైకి లేస్తది. లేసినంత మేర బల్లపరుపు ఆకురాయితో తోసెయ్. తర్వాత రేకర్ ముందు మూలను మళ్ళ గుండ్రంగ వాలుగ రాయాలె. అది చదరంగ మిగిలిపోతే కట్టెకు తట్టుకొని మిషన్ దడదడ ఊగుతది. పన్ను మొదలు, రేకర్ తర్వాత, ఈ వరుస తప్పొద్దు. ముందే రేకర్ దింపితే పన్ను రాసినంక ఆ తేడా మళ్ళ మారిపోతది.

ఎక్కువ దింపితే ఏమైతది అంటే, పన్ను తన బలానికి మించి కొరుకుతది. మిషన్ గుంజుతది, చైను కట్టెల ఆగిపోయి క్లచ్ కాలుతది, బార్ ముక్కు తగిలినప్పుడు ఎగిరి మీదికొచ్చే దెబ్బ పెరుగుతది. మెత్తటి కట్టె కోసేటోళ్ళు కొందరు 0.75 దాకా పోతరు. మన తుమ్మ, ఎండిన చింత, ఎండిన వేప మీద 0.65 దాటొద్దు. గ్రైండర్ మీద రేకర్లు దింపుతమంటే నేను వద్దనే అంట. ఒక్క తాకుకే ఎక్కువ పోతది, పోయింది మళ్ళ రాదు. పన్ను పొట్టిగ రాసుకుంట పోతేనే ఆ తేడా సర్దుకుంటది, అంటే సగం చైను పారేసుకున్నట్టే.

కోణం గురించి ఇంకొక్క మాట. బాగా ఎండిన గట్టి కట్టెకు 30 బదులు 25 డిగ్రీలు పెడితే పదును ఇంకొంచెం ఎక్కువ సేపు నిలుస్తది, కోత స్పీడు కొద్దిగ తగ్గుతది. పలకలు తీసేటోళ్ళు, అంటే మొద్దును పొడుగునా చీల్చేటోళ్ళు, 10 డిగ్రీలు పెడతరు. అది వేరే చైనుగ ఉంచుకోవాలె.


కల్వకుర్తి_చెలక:

మా దిక్కు చాలామంది 4 అంగుళాల యాంగిల్ గ్రైండర్‌కు పలుచటి కటింగ్ డిస్క్ వేసి, చైను బార్ మీద ఉండంగనే పళ్ళు పడతరు. ఐదు నిమిషాల పని. దాంతోటి నష్టమేంది?


హాలియా_వర్క్‌షాప్:

నష్టం నాలుగు చోట్ల ఉంది. మొదటిది, కటింగ్ డిస్క్ అంచుతో కోయడానికి చేసింది. పక్క ఒత్తిడి దానికి పనికిరాదు. పంటి మీద వాలుగా పెట్టి ఒత్తితే పగిలి ముక్కలు ముఖం మీదికి వస్తాయి. గార్డు తీసేసి వాడే అలవాటు ఉంటే ప్రమాదం రెట్టింపు.

రెండోది, డిస్క్ తాకిన ముఖం తిన్నగా వస్తుంది. పై పలక కింద ఉండాల్సిన వంపు పోతుంది. ఆ వంపే అంచును కట్టెలోకి లాగుతుంది, పొట్టును బయటికి తోస్తుంది. అందుకే అలా పట్టిన చైను పచ్చి కొమ్మల మీద బాగానే కోసినట్టు కనిపిస్తుంది, ఎండిన తుమ్మ మొద్దు దగ్గర ఆగిపోతుంది. మూడోది వేడి. యాంగిల్ గ్రైండర్ వేగం చైన్ గ్రైండర్ కంటే చాలా ఎక్కువ, అరసెకనులోనే పన్ను నీలం తిరుగుతుంది. నాలుగోది, చెయ్యి కొంచెం జారితే టై స్ట్రాప్ మీదో డ్రైవ్ లింకు మీదో గాటు పడుతుంది. ఆ గాటు దగ్గర చైను నడుస్తూ నడుస్తూ తెగితే మనిషి కాలు దగ్గరికే వస్తుంది. వద్దండీ.

పొలంలోనే మిషన్‌తో పట్టాలనుకుంటే 12 వోల్టుల చేతి రోటరీ సాన మిషన్లు ఉన్నాయి, బ్యాటరీకి తగిలిస్తే తిరుగుతాయి. .325 కు 4.8 మి.మీ. గుండ్రటి రాయి వేసుకోవాలి. ఆ చిన్న రాయి తొందరగా అరిగి సన్నబడుతుంది, సన్నబడిన రాయి సన్నటి ఆకురాయి చేసే తప్పే చేస్తుంది. నాలుగైదు రాళ్ళు చేతిలో ఉంచుకోండి, ఒత్తకుండా తేలిగ్గా ఆనించండి.


జడ్చర్ల_సాన:

దేవరకొండ తమ్మీ, పళ్ళు, రేకర్లు అన్నీ సమానం చేసినంక కూడ కోత వంగితే చైనును వదిలి బార్ చూడు. బార్ గాడికి రెండు పక్కల ఉండే పట్టాలు ఒకటి ఎత్తు, ఒకటి తగ్గు అయితే చైను ఒక పక్కకు ఒరిగి నడుస్తది. బార్‌ను విప్పి, గుడ్డతో తుడిచి, మట్టం పలక మీద నిలబెట్టు. పడిపోకుండ నిటారుగ నిలిస్తే పట్టాలు సమానం, ఒరిగితే ఒక పట్టా అరిగింది. చైను బార్ మీద ఉండంగ పన్నును పట్టుకొని పక్కలకు ఊపు. బాగా ఊగితే గాడి వెడల్పైంది, పళ్ళెంత మంచిగ రాసినా కోత నిటారుగ రాదు. పట్టాల అంచున బయటికి లేసిన బొబ్బును బల్లపరుపు ఆకురాయితో తీసెయ్, గాడిల పేరుకున్న పొట్టును సన్న రేకుతో గీకి తియ్యి, నూనె రంధ్రం మూసుకుపోయిందేమో చూడు. చైను రాసినప్పుడల్లా బార్‌ను తలకిందులు చేసి బిగిస్తే రెండు అంచులూ సమానంగ అరుగుతయి.

నూనె గురించి కూడ చెప్తున్న. ట్రాక్టర్ల తీసేసిన నల్ల నూనె పోస్తరు మన దిక్కు. అందుల ఇనుప రజను ఉంటది, పలుచనై ఉంటది, చైను మీద నిలువదు. బార్ ఆయిల్ దొరకకుంటే కొత్త 20డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిలే పొయ్యి. ఎండాకాలం మరీ పలుచటి నూనె వద్దు. మిషన్ నడిపి బార్ ముక్కును తెల్ల కాగితం దగ్గర పెడితే సన్నటి నూనె గీత పడాలె. పడలేదంటే నూనె పంపుల ఏదో అడ్డముంది, ఆ స్థితిల కొయ్యకు.

ఇంక బత్తాయి తోట తీసేటప్పుడు చైను తొందరగ మొద్దువడేది పళ్ళ తప్పుతోనే కాదు. మొదలు దగ్గర ఎర్ర మన్ను, ఇసుక బెరడు పగుళ్ళల ఇరుక్కొని ఉంటది. ఎండిన వేపల మీద, తుమ్మల మీద చెదలు కట్టిన మట్టి గోడలు ఉంటయి. ఆ మట్టిల ఒక్కసారి చైను తిరిగితే పదును పోయినట్టే. కోసే గీత మీద జానెడు మేర గొడ్డలితో బెరడు చెక్కి, చీపురు కొట్టి కొయ్. మొద్దును నేలకు ఆనిచ్చి కొయ్యకుండ కింద అడ్డ కట్టె పెట్టు. వేర్ల దగ్గరి కోతలకు పాత చైను వేరే పెట్టుకో, కొత్తదాన్ని మట్టి దగ్గరికి తేకు. కొత్త చైను కొనేటప్పుడు పంటి మూల చదరంగ ఉన్నది కాకుండ కొంచెం గుండ్రటిది, సెమీ చిజెల్ అనేది అడుగు. చదరపు మూలది పచ్చి శుభ్రమైన కట్టెల వేగంగ కోస్తది కని మట్టికి, ఎండిన గట్టి కట్టెకు తొందరగ పోతది.


దేవరకొండ_తోట:

కాలిన ఎడమ పళ్ళు ఇప్పటికే 6.4 ఉన్నయి. కాలిన పొర తీస్తే ఇంకా తగ్గుతయి, అప్పుడు కుడివి కూడ అంత మేర తియ్యాలె. ఇంకా పనికొస్తదా, కొత్త చైను తీసుకోవాల్నా?


హాలియా_వర్క్‌షాప్:

పనికొస్తుంది. పై పలక వెనక భాగంలో కంపెనీ పెట్టిన వాలు గీత ఉంటుంది కదా, పన్ను అక్కడిదాకా అరిగే వరకు వాడొచ్చు. గీత కనపడకపోతే 4 మి.మీ. మిగిలేదాకా అని పెట్టుకోండి. అంతకన్నా పొట్టిదైతే పన్ను విరిగి ఎగిరే ప్రమాదం ఉంది. మీరు కాలిన పొర తీశాక 6 దగ్గర నిలుస్తాయి, కుడివి కూడా 6 కి తెచ్చి, రేకర్లు 0.65 కి దింపితే ఈ తోట పని వరకు ఆ చైను చాలు. కుడి వైపు 1.2 మి.మీ. దాకా తీయాల్సి వస్తుంది కాబట్టి అది గ్రైండర్ పనే. షాపుకే వెళ్ళేట్టయితే పళ్ళన్నీ 6.0 కి కావాలని చెప్పండి, వెర్నియర్ తీసుకెళ్ళి ఎడమ కుడి కొలతలు అక్కడే చూసుకోండి. ఒక పంటిని వరుసగా ఒత్తి పట్టకుండా చుట్లు చుట్లుగా తీయమనండి.

స్ప్రాకెట్ కూడా చూడండి. పళ్ళ మీద చైను తొక్కిన గుంత అర మిల్లీమీటరు లోతుకు పోయి ఉంటే మార్చాలి. అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త చైను వేస్తే చైను పిచ్ సాగిపోతుంది. మామూలుగా రెండు చైన్లకు ఒక స్ప్రాకెట్ అని లెక్క.

బిగించేటప్పుడు బార్ ముక్కును పైకెత్తి పట్టుకొని టెన్షన్ పెట్టండి. చైను బార్ అడుగుకు ఆనాలి, చేత్తో లాగితే తేలిగ్గా తిరగాలి. కోసేటప్పుడు వేడికి సాగి వేలాడితే మళ్ళీ బిగిస్తారు, అది సరే. కానీ పని ఆపగానే ఆ టెన్షన్ వదులు చేయండి. చల్లారాక చైను కుంచించుకుంటుంది, బిగువుగా వదిలేస్తే క్రాంక్ షాఫ్ట్, బేరింగులు దెబ్బతింటాయి.